యోగ్యుడెవరు? బాలల చట్టాలూ, విశాఖ వాడలూ

తప్పుచేసిన పిల్లవాణ్ణి జైలుపాలు చెయ్యకుండా, నష్టపోయినవాళ్ళ ఎదుట కూచోబెట్టి, పదిమంది సమక్షంలో సరిదిద్దుకోవాలన్న మాట ఇప్పుడు సదస్సుల్లో బాగా వినబడుతోంది. 1974లో కెనడాలో ఇలాంటి ప్రయత్నం జరిగింది. మావోరీల సమష్టి పద్ధతుల్నుంచి తీసుకుని 1989లో న్యూజిలాండు దీన్ని చట్టంలోకెక్కించింది. (అక్కడా మావోరీ పిల్లలే ఎక్కువగా పట్టుబడుతున్నారన్నది వేరే కథ.) మంచి మాటే, కాదనం. మేము అడిగేదల్లా ఒకటే: ఆ కూచోబెట్టే పెద్దమనిషి ఎవరు?

ఈ ప్రశ్నకి మన దగ్గర వందేళ్ళ చరిత్ర ఉంది. దేశంలో మొట్టమొదటి బాలల చట్టం 1920 నాటి మద్రాసు బాలల చట్టం. విశాఖ అప్పుడు ఆ రాష్ట్రంలోదే. పిల్లవాణ్ణి సర్టిఫైడు స్కూలుకి పంపొచ్చు, లేదా బంధువుకో మరో 'యోగ్యుడైన వ్యక్తి'కో అప్పజెప్పొచ్చు అంది ఆ చట్టం. సరిగ్గా అదే కాలంలో ఇంకో చట్టం కూడా నడిచింది. 1924లో తిరగరాసిన నేరస్త తెగల చట్టం పద్దెనిమిదేళ్ళలోపు పిల్లల్ని, వాళ్ళే నేరమూ చెయ్యకపోయినా, తల్లిదండ్రుల్నుంచి విడదీసి బడుల్లో పెట్టే అధికారాన్ని సర్కారుకిచ్చింది. అంటే ఎరుకల తల్లి తన బిడ్డకే యోగ్యురాలు కాదు! స్టువర్టుపురం సెటిల్‌మెంటు నడిపిన సాల్వేషన్ ఆర్మీ మాత్రం యోగ్యం.

ఆ చట్టం 1952లో రద్దయింది, ముద్ర పోలేదు. 1970ల్లో హేమలతా లవణం స్టువర్టుపురంలో పనికి దిగింది ఈ ముద్ర మీదే. ఆమె జాషువా కూతురు. సంస్కరణ అంటే ఎప్పుడూ పైనుంచి కిందికి దిగేదేనని రాసేవాళ్ళు ఈ సంగతి ఎందుకు దాటేస్తారో మాకర్థం కాదు.

1986 బాలల న్యాయ చట్టం బాలల కోర్టుకి సాయంగా ఇద్దరు 'గౌరవ' సామాజిక కార్యకర్తల్ని పెట్టింది, అందులో ఒకరైనా స్త్రీ ఉండాలంది. గౌరవ అంటే జీతం లేనిదని అర్థం. పోర్టులో కళాసీ పనికిపోయే మనిషి కూలి మానుకుని ఆ గౌరవం ఎక్కణ్ణుంచి తెచ్చుకుంటాడు? 2000 చట్టంతో ఆ ఇద్దరూ మేజిస్ట్రేటు పక్కన బోర్డు సభ్యులయ్యారు. ఇది నిజంగా పెద్ద మార్పు. 2015 చట్టం అర్హతలు పెట్టింది: పిల్లల ఆరోగ్యం, చదువు, సంక్షేమాల్లో ఏడేళ్ళ పని, లేకపోతే మనస్తత్వశాస్త్రం, న్యాయశాస్త్రం లాంటి వాటిలో డిగ్రీ ఉండి ప్రాక్టీసు. వాడలో ఇరవై ఏళ్ళుగా పిల్లల తగువులు తీర్చే అమ్మమ్మ పని ఏ కాగితంలో నమోదైంది?

విశాఖలో ఈ మాటకి బరువెక్కువ. 1933లో రేవు తెరుచుకుంది. 1966లో ఉక్కు కోసం 32 మంది ప్రాణాలిచ్చారు. 1992లో కర్మాగారం జాతికి అంకితమైంది. భూములిచ్చినవాళ్ళు ఆర్-కార్డులు పట్టుకుని ఉద్యోగాల కోసం తిరిగారు. ఇనప తుక్కు ఏరుకునే పిల్లవాడు దొంగగా కనబడే ఊరు ఇలాగే తయారవుతుంది.

ఇంకో సంగతి చూడండి. 2007 కేంద్ర నియమాలు 'సమాజ సేవ' మనిషిని కించపరిచేది కాకూడదంటూనే, ఉదాహరణల్లో మొట్టమొదట పార్కు శుభ్రం చెయ్యడాన్ని పెట్టాయి. తరతరాలుగా ఊరూడ్చిన రెల్లి కుటుంబంలో పిల్లవాడి చేతికి బోర్డు చీపురిస్తే అది సేవా, వారసత్వమా? కలవారి కుర్రాడికి అదే చీపురు కొత్త పాఠం కావచ్చు. చట్టానికి ఈ తేడా తెలీదు, పక్కన కూచునే మనిషికి తెలియాలి.

'అందరూ కలిసి కూచుని మాట్లాడుకోవడం' అనగానే మనవాళ్ళు ఉలిక్కిపడటానికీ కారణముంది. కారంచేడు (1985), చుండూరు (1991) చూసినవాళ్ళకి రాజీ అనే మాట ఎవరి నోట, ఎవరి మెడ మీద వస్తుందో తెలుసు. కుల దాడిలో పాల్గొన్న పదిహేడేళ్ళవాడి విషయంలోనూ, సెల్‌ఫోను కొట్టేసిన పదిహేడేళ్ళవాడి విషయంలోనూ ఒకటే బల్ల వేసి కూచోబెడతామంటే మేము ఒప్పుకోం.

అయితే తలుపు పూర్తిగా మూసిలేదు. 1920 నాటి ఆ 'యోగ్యుడైన వ్యక్తి' 2015 చట్టం 52వ సెక్షన్లో ఇంకా ఉన్నాడు. బోర్డు విచారించి గుర్తిస్తే చాలు, పిల్లవాణ్ణి కొంతకాలం అప్పగించొచ్చు. ఆ సెక్షను డిగ్రీ అడగదు. రెల్లివీధిలో మునిసిపాలిటీ కార్మికురాలూ, జాలరిపేటలో చేపలమ్మే అక్కా దరఖాస్తు పెట్టుకోవచ్చు.