ఒకాయన వద్దన్నాడు, ఇంకొకాయన్ని ఎవరూ అడగలేదు

మొన్న సెకండియర్ క్లాసులో పాఠం అయిపోయి పది నిమిషాలు మిగిలాయి. "టైమ్ మెషిన్ దొరికితే ఎక్కడికి పోతారు?" అని అడిగాను. ఒకమ్మాయి మహాడ్ చెరువు దగ్గరికి అంది. ఇంకో అమ్మాయి వాళ్ల నాయనమ్మ పెళ్లికి అంది. వెనక బెంచీ కుర్రాడు లేచి, "1909 అమెరికాకి పోతా మేడం. సిగరెట్ పెట్టెలు కొనుక్కొస్తా" అన్నాడు. క్లాసంతా నవ్వారు. వాడు నవ్వలేదు. వాడి లెక్క వాడికుంది.

ఆ లెక్క ఏంటో చూద్దాం. అప్పట్లో అమెరికన్ టొబాకో కంపెనీ తన సిగరెట్ పెట్టెల్లో ఒక చిన్న అట్టముక్క పెట్టేది. పెట్టె నలగకుండా ఉంటుంది, కొనేవాడికి ఆశ కూడా పుడుతుంది. దాని మీద బేస్‌బాల్ ఆటగాళ్ల రంగుల బొమ్మలు. 1909 నుంచి 1911 దాకా వచ్చిన ఈ కార్డుల్ని సేకరించేవాళ్లు టి-206 అంటారు. అందులో హోనస్ వాగ్నర్ అనే పిట్స్‌బర్గ్ ఆటగాడి కార్డు ఒకటి 2022లో 72.5 లక్షల డాలర్లకు అమ్ముడైంది. అప్పట్లో చిల్లరకు దొరికిన పెట్టె, ఇప్పుడు కోట్లు. మావాడి ఆశలో తప్పేముంది?

కానీ అంత ధర ఎందుకు? తన బొమ్మ వేయొద్దని వాగ్నర్ చెప్పాడు. పిల్లలు సిగరెట్లు కొనడం ఇష్టంలేక అని కొందరంటారు, డబ్బు దగ్గర తేడా వచ్చి అని కొందరంటారు. కారణం ఏదైనా కంపెనీ ముద్రణ ఆపింది. ఇవాళ మిగిలినవి అరవై లోపే. మావాడు వెళ్లి మూట కట్టుకుని వచ్చాడనుకోండి, ఆ రోజే ధర పడిపోతుంది. 1952 నాటి టాప్స్ కంపెనీ కార్డుల సంగతీ అంతే. అమ్ముడుపోని పెట్టెల్ని 1960లో పడవకెత్తి అట్లాంటిక్ సముద్రంలో పారబోశారు. ఆ సెట్టులోని మికీ మాంటిల్ కార్డే 2022లో కోటీ 26 లక్షల డాలర్లు పలికింది. మిగిలినదానికి విలువ వచ్చింది పోయినదాని వల్లే.

ఇప్పుడు నా ప్రశ్న. మావాడు 1909లో దిగి, అన్ని పెట్టెలూ విప్పి, అయిదొందలకు పైగా ఉన్న ఆ బొమ్మలన్నీ బల్ల మీద పరిచాడనుకుందాం. అందులో నల్లజాతి ఆటగాళ్లు ఎంతమంది?

ఒక్కరూ లేరు.

ఆడేవాళ్లు లేక కాదు. అదే 1909లో షికాగోలో రూబ్ ఫోస్టర్ అనే నల్లజాతి పిచర్ బంతి విసురుతున్నాడు. ఆ అక్టోబరులో అతని జట్టు షికాగో కబ్స్‌తో మూడు ఆటలు ఆడింది. మూడూ కబ్సే గెలిచింది. కబ్స్ ఆటగాళ్లకు కార్డులున్నాయి, ఫోస్టర్‌కు లేదు. 1887లో ఇంటర్నేషనల్ లీగ్ యజమానులు నల్లవాళ్లతో ఇక కొత్త ఒప్పందాలు చేసుకోకూడదని ఓటేశారు. ఆ తర్వాత పెద్ద లీగుల్లో ఎవరూ కాగితం మీద రాయని కట్టుబాటు ఒకటి 1947లో జాకీ రాబిన్సన్ వచ్చేదాకా నడిచింది. రాయని కట్టుబాటు ఎంత గట్టిదో మన ఊళ్లకు ఒకరు చెప్పాలా!

ఇంకో సంగతి. ఆ పెట్టెల్లోకి వెళ్లే పొగాకు ఎవరు సిద్ధం చేశారు? వర్జీనియా, నార్త్ కరోలినా ఫ్యాక్టరీల్లో ఆకు నుంచి ఈనె తీసే పని ఎక్కువగా నల్లజాతి స్త్రీలదే. దుమ్ము పని, తక్కువ కూలి. పెట్టె నింపినవాళ్లు వీళ్లు, పెట్టెలో బొమ్మ వాళ్లది. మా అమ్మమ్మ చీరాల వైపు పొగాకు గోడౌన్లలో గ్రేడింగ్ పని చేసింది. అందుకే ఈ వాక్యం దగ్గర ఆగిపోయాను.

అదే పిట్స్‌బర్గ్‌కి ఇంకోసారి వద్దాం. 1930లలో వాగ్నర్ అక్కడ పైరేట్స్ జట్టుకు కోచ్. అదే ఊళ్లో నల్లజాతి లీగు జట్లకు జాష్ గిబ్సన్ ఆడుతున్నాడు. ఆ కాలంలో అంత బలంగా బంతి కొట్టినవాళ్లు అరుదు. అతని బొమ్మను ఏ అమెరికన్ సిగరెట్ కంపెనీ, ఏ బబుల్‌గమ్ కంపెనీ వేయలేదు. సేకరించేవాళ్లు వెతుక్కునే అతని పాత కార్డు ప్యూర్టో రికోలో 1950–51లో వచ్చింది. అప్పటికి అతను పోయి మూడేళ్లు దాటింది. రాబిన్సన్ మైదానంలో దిగడానికి మూడు నెలల ముందు, 35 ఏళ్లకే పోయాడు. 1972లో హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి తీసుకున్నారు. 1975 దాకా సమాధి మీద పేరు లేదు.

వాగ్నర్ కార్డూ అరుదే, గిబ్సన్ కార్డూ అరుదే. కానీ ఒకాయన వద్దన్నాడు, ఇంకొకాయన్ని ఎవరూ అడగలేదు. వద్దనడానికైనా ముందు ఎవరో వచ్చి అడగాలి కదా. సంత ఈ రెండు లేమిలకూ ధర కడుతుంది, తేడా మాత్రం చెప్పదు. ఆ తేడా చెప్పడమే చరిత్ర పని.

మరి నల్లజాతి ఆటగాళ్ల బొమ్మలు కావాలంటే మావాడు ఎక్కడికి పోవాలి? హవానాకి. చలికాలం వాళ్లు క్యూబా వెళ్లి ఆడేవాళ్లు. ఆస్కార్ చార్లెస్టన్ లాంటి మహా ఆటగాడి బొమ్మ 1923–24లో అక్కడి బిల్లికెన్ సిగరెట్ల కార్డుల మీద వచ్చింది. సొంత దేశం వేయని బొమ్మను పొరుగు దేశం వేసింది.

బొమ్మలు లేకపోయినా అంకెలు బతికాయి. పిట్స్‌బర్గ్ కొరియర్, షికాగో డిఫెండర్ లాంటి నల్లజాతి పత్రికలు ఆటల స్కోర్లు అచ్చేశాయి. తర్వాత కొందరు ఏళ్ల తరబడి ఆ పాత కాగితాల్లోంచి ఒక్కో ఆటా ఏరారు. 1920–48 మధ్య నడిచిన ఏడు నల్లజాతి లీగులను మేజర్ లీగులుగా ఒప్పుకుంటున్నామని 2020లో మేజర్ లీగ్ బేస్‌బాల్ ప్రకటించింది. 2024లో ఆ అంకెల్ని తన రికార్డుల్లో కలిపింది. బ్యాటింగ్ సగటులో టై కాబ్ .367 కిందికి దిగింది, గిబ్సన్ .372 పైకెక్కింది. టి-206లో కాబ్‌కి నాలుగు కార్డులున్నాయి.

మనకూ ఒక పల్వంకర్ బాలూ ఉన్నాడు. 1911లో ఇంగ్లండ్ వెళ్లి వందకు పైగా వికెట్లు తీశాడు. ఇక్కడ అతనికి టీ మాత్రం పెవిలియన్ బయట, మట్టి ముంతలో. వికెట్లు స్కోరు పుస్తకంలోకి ఎక్కాయి కాబట్టి ఇవాళ చెప్పుకుంటున్నాం. స్కోరు పుస్తకమే లేని పనులు చేసినవాళ్ల సంగతేంటి?

మా అమ్మమ్మ ఫోటో ఒక్కటి కూడా లేదు. రేషన్ కార్డు మీద వేలిముద్ర ఉండేదట, అదీ పోయింది. టైమ్ మెషిన్ నాకు దొరికితే సిగరెట్ పెట్టెలు కొనను. ఒక కెమెరా పట్టుకుని ఆ గోడౌన్ గుమ్మం దగ్గర నిలబడతాను. "అమ్మా, ఒక ఫోటో తీసుకోవచ్చా?" అని అడుగుతాను. వద్దంటే వద్దననీ.

ఈ మాటే క్లాసులో చెప్పాను. వెనక బెంచీ వాడు కాసేపు ఏమీ అనలేదు. సోమవారం వచ్చి ఫోన్ చూపించాడు. వాళ్ల ముత్తవ్వ, నులక మంచం మీద, నలభై నిమిషాల రికార్డింగ్. ఏ ఊళ్లో ఏ పనికి ఎంత కూలి ఇచ్చారో వరసగా చెబుతోంది.

ఈ ఆదివారం మీరూ ఇంటికెళ్లండి. అడగండి, రాసుకోండి, తేదీ వేయండి. జై భీమ్.