అర్థశాస్త్రమునకు వచ్చిన అపకీర్తి

శాస్త్రమునకు కీర్తిగాని అపకీర్తిగాని దాని గ్రంథములనుండి మాత్రమే రాదు. దానిని చేతబట్టి రాజ్యము చేసినవారి నడవడినుండియు వచ్చును. ఆంగ్లదేశమున 18, 19 శతాబ్దములలో వర్ధిల్లిన అర్థశాస్త్ర సంప్రదాయమే ఇందులకు నిదర్శనము. ఆ సంప్రదాయమువారనగానే బీదల యాకలిని లెక్కసేయని కఠినచిత్తులని లోకము తలంచుచున్నది. ఈ నింద యెట్లు కలిగెనో విచారింతము.

ఆ సంప్రదాయమునకు మూలపురుషుడగు ఆడమ్ స్మిత్ 1776లో ప్రకటించిన గ్రంథమును చదివినవారికి ఈ నింద వింతగా దోచును. జనులలో అధికభాగము దరిద్రులై యుండగా ఆ దేశము వర్ధిల్లినదనరాదని ఆయన వ్రాసెను. కూలిరేట్లు పెరుగకుండ యజమానులు లోలోపల నేకమగుదురనియు హెచ్చరించెను.

అపకీర్తికి మొదటి కారణము ప్రతిపక్షులు పెట్టిన పేరు. 1849లో కార్లైలు దీనిని విషాదశాస్త్రమని పరిహసించెను. వెస్టిండీసు దీవులలో బానిసత్వము తొలగిన నల్లవారిచేత బలవంతముగా పని చేయింపవలెనని వాదించిన వ్యాసమునందే ఆ మాట యున్నది. 1850లో జాన్ స్టూవర్టు మిల్లు ఆ వ్యాసమును ఖండించెను. లోకము ఖండనమును మఱచి, పేరును మాత్రము నిలుపుకొన్నది.

అట్లని అపకీర్తి యంతయు శత్రుకల్పితమనుట న్యాయము కాదు. జనసంఖ్యనుగూర్చి 1798లో వ్రాసిన మాల్థసు, 1805 మొదలు ఈస్టిండియా కంపెనీ కళాశాలలో మన దేశమునకు రాబోవు ఉద్యోగులకు పాఠము చెప్పెను. ధాన్యవర్తకమున సర్కారు చేయి పెట్టరాదను సూత్రము దొరతనమువారికి వేదవాక్యమయ్యెను. 1876–78 సంవత్సరముల కఱవున కడప, కర్నూలు, బళ్లారి మండలములు తల్లడిల్లుచుండగా, మద్రాసు ప్రభుత్వము ధాన్యము కొనుట ఇండియా ప్రభుత్వమునకు సమ్మతము కాలేదు. సర్ రిచర్డు టెంపిలు 1873–74లో బర్మా బియ్యము తెప్పించి బీహారు ప్రజలను కాపాడి, దుబారా చేసెనని నిందలు పడినవాడు. ఆయనయే 1877లో ఇచటికి వచ్చి, పనిచేయు కూలివానికి దినమునకు పౌను ధాన్యము, కొలది చిల్లర చాలునని తగ్గించెను. ఆరోగ్యాధికారి డాక్టరు కార్నిషు అది ప్రాణము నిలుపజాలదని గట్టిగా వాదించిన పిమ్మట బత్తెము కొంత పెరిగెను.

ఇందు శాస్త్రదోషమెంత? చేతిలో పైకము లేనివాని కోరిక అంగడికి సరకును రప్పింపజాలదని స్మిత్తే చెప్పియున్నాడు. పంట పోయి, పని పోయిన కూలివాని స్థితి అదియే. రైలుబండి ధాన్యము తెచ్చినను, కొనుటకు వానికి కాసు లేదు. సూత్రమును పట్టుకొని, సూత్రకారుడు చెప్పిన హద్దును పాలకులు విడిచిరి. పొదుపు చేయగోరిన ఖజానాకు శాస్త్రము ముసుగయ్యెను. 1880లో కఱవు విచారణసంఘము, వర్తకమును వర్తకులకే విడిచినను, పనియు కూలియు కల్పించుట సర్కారు విధియని తేల్చెను. కాని యప్పటికి లక్షలమంది గతించిరి.

మా యభిప్రాయమున ఆ సంప్రదాయమువారి ముఖ్యాపరాధము వేఱొకటి. తమ పేరు చెప్పి బీదల బత్తెము తగ్గించుచుండగా, ఇది మా మతము కాదని వారిలో బిగ్గరగా పలికినవారు మిక్కిలి యరుదు. శత్రువుల నిందకు సమాధానము చెప్పవచ్చును; అనుచరుల దుష్కార్యమును సహించినవారికి సమాధానము లేదు. ఏ సిద్ధాంతమును మెచ్చుకొను చదువరియైనను, దానిపేర నెవ్వరి కంచములో కూడు తగ్గుచున్నదో మొదట విచారించుట మేలు.