బంధము తెగినప్పుడు అధికారమెవరిది? హైదరాబాదు సంస్థానము, 1947–1956

బేగంపేటకు ఆనుకొని సికింద్రాబాదు కంటోన్మెంటు ఉన్నది. 1798 నాటి సైన్య సహకార సంధి ప్రకారము నిజాము ఖర్చుతో నిలిపిన కంపెనీ సేనకు అది 1806లో స్థావరమయ్యెను. ఆ సంధితో బలపడిన బంధము 1947లో తెగినప్పుడు మూడు రాజ్యాంగ ప్రశ్నలు తలెత్తెను. వాటిని ఈ వ్యాసములో పరిశీలింపగోరుచున్నాము.

1. సార్వభౌమాధికారము ఎవరికి మరలెను?

సంస్థానములపై బ్రిటిషువారికి గల పరమాధికారము క్రొత్త ప్రభుత్వములకు బదిలీ కాదని క్యాబినెట్ మిషన్ 1946 మే నెలలో తెలిపెను. తాము స్వతంత్రులగుదుమని నిజాము మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ 1947 జూన్‌లో ఫర్మానా వెలువరించెను. ఆ జూలైలో వచ్చిన భారత స్వాతంత్ర్య చట్టము 7వ సెక్షను పాత సంధులకు ముగింపు పలికెను. అయితే తెగిన అధికారము రాజుకు చెందునా, ప్రజలకు చెందునా అని ఆ చట్టము చెప్పలేదు. సంస్థానములో ఎనిమిది తెలుగు జిల్లాలు, ఐదు మరాఠీ జిల్లాలు, మూడు కన్నడ జిల్లాలు ఉండెను. అధికార భాష మాత్రము ఉర్దూ. ఈ ప్రజలకు బాధ్యత వహించు ప్రభుత్వము లేదు. స్వామి రామానంద తీర్థ నాయకత్వమున స్టేట్ కాంగ్రెసు ఈ లోపమునే ఎత్తి చూపి, భారతదేశములో చేరవలెనని ఉద్యమించెను.

2. మధ్యకాలపు ఒప్పందము

1947 నవంబరు 29న ఒక సంవత్సరమునకు యథాతథ ఒప్పందము కుదిరెను. పాత ఏర్పాట్లు కొనసాగవలెను గాని పరమాధికారము మరల పుట్టరాదు. తగవులను మధ్యవర్తులు తీర్చవలెను. కాని పాకిస్తానుకు ఇచ్చిన 20 కోట్ల రూపాయల ఋణము, భారత కరెన్సీపై ఆంక్షలు, సరిహద్దు దాడులు, సరకుల రాకపోకల అడ్డంకులు అను ఏ తగవును మధ్యవర్తుల యొద్దకు చేరలేదు. 1948 ఆగస్టులో హైదరాబాదు ఐక్యరాజ్య సమితి భద్రతా మండలిని ఆశ్రయించెను. సెప్టెంబరు 13న సైనిక చర్య మొదలై 17న ముగిసెను. దానికి ముందు రజాకార్ల చేతిలోను, తరువాత ప్రతీకార హింసలోను అనేకులు ప్రాణములు కోల్పోయిరి.

3. సమ్మతి

1949 ఫిబ్రవరిలో నిజాము బేగంపేట విమానాశ్రయమునకు స్వయముగా వచ్చి సర్దార్ పటేలును ఆహ్వానించెను. అదే సంవత్సరము నవంబరులో మరియొక ఫర్మానాతో భారత రాజ్యాంగమును అంగీకరించెను. గమనింపదగిన విషయమేమనగా, విడిపోవుట రాజు ఫర్మానాతోనే, చేరుట కూడ రాజు ఫర్మానాతోనే జరిగెను. ప్రజలు వయోజన ఓటు వేసినది 1952 ఎన్నికలలో మాత్రమే. 1956 నవంబరు 1న సంస్థానము భాషల వారీగా ఆంధ్రప్రదేశ్, బొంబాయి, మైసూరు రాష్ట్రములలో కలిసెను. తెలుగు జిల్లాల సమ్మతి ప్రశ్న 2014లో తెలంగాణ ఏర్పడు వరకు మరల మరల లేచుచునే యుండెను.

ముగింపు

ఈ చిక్కు మనకు మాత్రమే పరిమితము కాదు. 2016 ప్రజాభిప్రాయ సేకరణలో స్కాట్లాండు ఓటర్లలో 62 శాతము ఐరోపా సమాఖ్యలోనే ఉండగోరిరి. అయినను బ్రిటను 2020 జనవరి 31న వైదొలగెను. ప్రాంతీయ శాసనసభల సమ్మతి చట్టరీత్యా అవసరము కాదని అక్కడి సుప్రీం కోర్టు 2017లోనే తీర్పునిచ్చెను.

బయటి బంధము తెగినంతనే లోపలి జనులు ఒక్క జనమగుదురని తలంచరాదు. కనుక 1948ని విమోచన మనియో ఆక్రమణ మనియో ఒక్క మాటతో ముగింపక, ఎవరి సమ్మతి అడిగిరి, ఎవరిది అడుగలేదు అని విచారింపవలెనని విద్యార్థులకు మా మనవి.