పట్టువిడువని మరలు

సైకిలు చరిత్ర వ్రాయబూనినవారు 1885 లో కవెంట్రీ నగరమున జాన్ కెంప్ స్టార్లీ వెలువరించిన రోవర్ సైకిలును, 1888 నాటి డన్లప్ గాలి టైరును వర్ణించి, వేగమును కీర్తించి విరమింతురే గాని, ఆ చక్రములను చట్రమునకు బంధించిన మరల ముచ్చట నెత్తుకొన్నవారు అరుదు. అయినను మరమ్మతే జీవికగా గలవానికి బిగించుటకంటె విప్పుటయే కష్టమైన విద్య.

కారణములలో ఒకటి ప్రకృతిసిద్ధము. ఇనుము తుప్పుగా మారునపుడు దాని పరిమాణము రెట్టింపునకు మించి పెరుగును. నట్టునకు బోల్టునకు నడుమ నున్న సందు అత్యల్పమగుటచే ఆ తుప్పు మేకువలె ఇఱుకుకొనును. ఉప్పుగాలి సోకెడి మచిలీపట్టణము, కాకినాడ వంటి తావుల నిది మఱింత శీఘ్రము.

తక్కిన కారణములు ఇంగ్లండు కార్ఖానాలలో పుట్టినవి. జోసెఫ్ విట్‌వర్త్ 1841 లో ప్రతిపాదించిన మరల కొలత పెద్ద యంత్రములకు తగియున్నను, పలుచని గొట్టములతో నిర్మించిన సైకిలునకు ముతక యయ్యెను. అందుచే సైకిలు ఇంజనీర్లు పెక్కు భాగములకు అంగుళమునకు 26 చుట్లుగల సన్నని మరను ఏర్పరచుకొనిరి. సన్నని మర అదురునకు త్వరగా సడలదు. తుప్పుపట్టిననాడు ఆ గుణమే దోషమగును. ఇందును ఏకాభిప్రాయము లేదు: క్రాంకు ఇరుసును మోసెడి గిన్నెలకు ఇతర ఆంగ్ల సంస్థలు సాధారణముగా 24 చుట్లు పెట్టగా, నాటింగ్‌హామ్‌లోని రాలీ సంస్థ 26 పెట్టెను. ఒకదాని గిన్నెను మఱొకదానిలోనికి బలిమిని త్రిప్పినచో అది వంకరగా నెక్కి పట్టుకొనుటలో వింత యేమి?

మఱియు, త్రొక్కుడువలన తమంత తామే ఊడిపోకుండుటకై ఎడమ పెడలునకును, కుడివైపు గిన్నెకును ఎదురుమర కల్పించిరి. ఈ మర్మ మెఱుగని పనివాడు పొడుగాటి పానా తగిలించి, అలవాటు చొప్పున ఎడమకు త్రిప్పుచు, విప్పుచున్నాననుకొని బిగించుచుండును; మొండిమరలని నిందకెక్కిన వానిలో కొన్నిటి నేరమింతే యని నా యభిప్రాయము.

అన్నిటిలో దుర్ఘటమైనది కాటరు పిన్ను. క్రాంకును ఇరుసునకు బంధించు ఈ ఏటవాలు చీల సుత్తిదెబ్బతో దిగును, సుత్తిదెబ్బతోనే వెడలును. ఫ్రాన్సున స్ట్రాంగ్‌లైట్ సంస్థ 1933 లోనే కాటరు లేని క్రాంకును వెలువరించినను, 1949 లో స్థాపితమైన టి.ఐ. సైకిల్స్ సంస్థ మద్రాసు చెంత అంబత్తూరున హెర్క్యులిస్ సైకిళ్లను చేయనారంభించినపుడును పాత చీలయే కొనసాగెను. చవుక, దృఢము, తీయబోవు వాని గోడు వినువా రెవరు? నేర్పరియైనవాడు కిరసనాయిలు పోసి రాత్రియంతయు నాననిచ్చి, నట్టును ఊడదీయక మర కొనకు సమముగా నిలిపి, దెబ్బ బేరింగు గుండ్లకు తగులకుండ క్రాంకు క్రింద ఇనుపగొట్టము నానించి, ఒకేయొక గట్టిదెబ్బ వేయును. పిరికిదెబ్బలు పది వేసినచో పిన్ను కొన వంగి, నలిగి, ఇక కదలనే కదలదు. అపుడు క్రాంకును వేడిచేయుటయో, పిన్నును బెజ్జము వేసి తొలుచుటయో తప్పదు. క్రొత్త పిన్నుల ముఖములను ఆకురాయితో ఒకే వాలున రాచి, ఒకటి పైనుండి, రెండవది క్రిందినుండి దింపవలెను. లేనిచో రెండు క్రాంకులును ఒకే రేఖపై నిలువవు.