చెరగని ఊదా రాత

నిజామాబాద్ జిల్లా ఆర్మూర్‌లో ఎవరైనా ఏదైనా దాచారంటే అది పసుపే, అదీ ధర వచ్చేదాకా. పాత పెన్సిళ్లు దాచే నన్ను చూసి మా బజారువాళ్లు నవ్వడంలో తప్పేం లేదు. బొమ్మల పెన్సిళ్లు, సెంటు పెన్సిళ్లు నాకక్కర్లేదు. ఫలానా పనికోసమే పుట్టినవి కావాలి. దొర్లిపోకుండా బల్లపరుపుగా చేసిన వడ్రంగి పెన్సిలు, గాజు మీద రాసే మైనపు పెన్సిలు, ఒక కొస ఎరుపు, ఒక కొస నీలం ఉండే దిద్దుబాటు పెన్సిలు. బలపాన్నీ ఈ వరసలోనే కూర్చోబెడతాను. మార్కాపురం పలకల కాలం పోయినా బలపపు రాయి బతికే ఉంది. వెల్డింగ్ షాపుల్లో ఇనుప రేకు మీద గుర్తులు దానితోనే పెడతారు.

నా దగ్గర పెద్దపీట మాత్రం కాపీయింగ్ పెన్సిలుదే.

1780లో జేమ్స్ వాట్ ఉత్తరాలకు నకలు తీసే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. సిరా రాత మీద తడిపిన పల్చటి కాగితం పెట్టి ఒత్తితే నకలు దిగేది. పెన్సిలు రాతకు ఆ భాగ్యం లేదు. 1795లో ఫ్రాన్స్‌లో కోంటే అనే ఆయన గ్రాఫైటులో బంకమన్ను కలిపి కాల్చి మామూలు పెన్సిలును ఒక దారికి తెచ్చాడు. 1870ల్లో పెన్సిలు రాతకూ నకలు దిగేలా ఆ ముద్దలోనే అనిలిన్ రంగు కలిపారు. పొడిగా రాస్తే బూడిదరంగు, తడి తగిలిందా ఊదా. ఆ తర్వాత ఏ రబ్బరూ దాన్ని చెరపలేదు. నకలు యంత్రాలు మూలపడ్డా ఈ పెన్సిలు నిలిచింది అందుకే.

మా బాపు అడ్తి (కమీషన్) దుకాణంలో గుమాస్తా. పసుపు ఉడికి, ఎండి బస్తాల్లో దిగే రోజుల్లో దుకాణమంతా పసుప్పచ్చ దుమ్ము. సిరా పెన్ను పాళీ ఊరికే మొరాయించేది. దడువాయి కాంటా దగ్గర తూకం చెప్పగానే బాపు పెన్సిలు మొనను నాలుకకు అద్ది తక్‌పట్టీ, అంటే తూకం చీటీ, రాసేవాడు. వేళ్లకు పసుపు, కింది పెదవికి ఊదా మరక. పక్కనే నిలబడ్డ రైతు, "సారూ, ఉమ్మి పెన్సిల్‌తోనే రాయుండ్రి" అనేవాడు. అక్షరం రాకున్నా ఆయనకు తెలుసు, అంకె మార్చడానికి రాసింది చెరిపే వీలు లేదని.

బాల్ పెన్ను చవకయ్యాక ఈ పెన్సిలు పని అయిపోయింది. 2016లో నిజామాబాద్ మార్కెట్ ఈ-నామ్ అనే ఆన్‌లైన్ మార్కెట్‌లో చేరాక ధర కంప్యూటర్ తెరకెక్కింది. ఇటలీవాళ్లు మాత్రం వదల్లేదు. బ్యాలెట్ మీద గుర్తు మార్చకుండా ఓటరు చేతికి నేటికీ కాపీయింగ్ పెన్సిలే ఇస్తారు. మన దగ్గరైతే ఓటుకు పెన్సిలుతో పనే లేదు, అంతా యంత్రమే. 2019లో పసుపు బోర్డు కోసం మా రైతులు గుంపుగా నామినేషన్లు వేస్తే నిజామాబాద్ బరిలో 185 మంది తేలారు, ఒక్కో బూత్‌లో 12 బ్యాలెట్ యూనిట్లు పెట్టాల్సి వచ్చింది. బోర్డు 2025 జనవరిలో వచ్చింది.

పెర్కిట్, అంకాపూర్, మామిడిపల్లి వైపు పాత అడ్తి దుకాణాలు సర్దేవాళ్లకు ఒక్క మనవి. చిట్టాలతో పాటు పెన్సిలు ముక్కలు దొరికితే చెత్తలో వేయకండి. అది కాపీయింగ్ పెన్సిలో కాదో తేల్చుకోవాలంటే కాగితం మీద గీసి ఒక నీటిచుక్క వేయండి, చాలు. నాలుకకు మాత్రం పెట్టకండి. ఆ రంగు ఒంటికి మంచిది కాదు, కంట్లో పడితే మరీ ప్రమాదం.