గంటకు ఎన్ని మిల్లీమీటర్లు: కీళ్లవాతం తీవ్రతను రక్తంలో కొలిచిన చరిత్ర

కీళ్లవాతంతో ఏళ్ల తరబడి మందులు వాడేవారికి ఇ.ఎస్.ఆర్., సి.ఆర్.పి. అన్న పేర్లు కంఠతా వచ్చి ఉంటాయి. మందు పనిచేస్తోందా, జబ్బు లోలోపల ఇంకా రగులుతోందా అని తేల్చుకోవడానికి డాక్టర్లు అడిగే రక్తపరీక్షలు ముఖ్యంగా ఇవే. అయితే ఈ రెండింటిలో ఏదీ కీళ్ల కోసం పుట్టింది కాదు.

గడ్డకట్టకుండా చేసిన రక్తాన్ని గాజుపాత్రలో నిలవ ఉంచితే ఎర్రకణాలు మెల్లగా అడుక్కి చేరతాయి. ఇ.ఎస్.ఆర్. కొలిచేది ఆ వేగాన్నే. అది రోగిని బట్టి మారుతుందని, ఫైబ్రినోజెన్ అనే ప్రొటీన్ ఎక్కువైతే పెరుగుతుందని పోలిష్ వైద్యుడు ఎడ్మండ్ బియెర్నాట్‌స్కీ 1897లోనే ప్రకటించాడు. ఆ మాటను అప్పట్లో పెద్దగా పట్టించుకున్నవారు లేరు. 1911లో ఆయన చనిపోయాడు. 1918లో స్వీడన్‌కు చెందిన రాబిన్ ఫోరియస్ గర్భిణుల రక్తంలో కణాలు త్వరగా దిగడం చూసి, గర్భనిర్ధారణకు ఒక పరీక్ష దొరికిందనుకున్నాడు. తీరా చూస్తే అనేక జబ్బుల్లో, మగవారిలో కూడా అదే జరుగుతోంది. గ్రీకు వైద్యుల నాలుగు ద్రవాల సిద్ధాంతం కూడా పాత్రలో రక్తం పొరలుపొరలుగా విడిపోవడాన్ని చూసే పుట్టి ఉంటుందని ఆయన ఊహించాడు. నిరూపించలేని ఊహే, కానీ ఆ పొరలను కళ్లారా చూసినవారికి కొట్టిపారేయబుద్ధి కాదు.

ఆ గమనికను పరీక్షగా మలిచినవాడు ఆల్ఫ్ వెస్టర్‌గ్రెన్. 1921లో క్షయరోగుల కోసం ఆయన రూపొందించిన పద్ధతి నేటికీ ప్రామాణికం. నాలుగు పాళ్ల రక్తానికి ఒక పాలు సోడియం సిట్రేట్ కలిపి, 200 మిల్లీమీటర్ల వరకు గీతలున్న సన్నటి గొట్టంలోకి ఎక్కించి, నిటారుగా గంటసేపు నిలబెడతారు. పైన తేటగా తేలిన పసుపుపచ్చ ప్లాస్మా ఎన్ని మిల్లీమీటర్లుందో అదే ఫలితం. గొట్టం కాస్త ఒరిగినా అంకె పెరిగిపోతుంది. ఇన్‌ఫ్లమేషన్‌లో పెరిగిన ఫైబ్రినోజెన్ వల్ల ఎర్రకణాలు నాణేల దొంతరలా ఒకదానికొకటి అతుక్కుని, బరువెక్కి వేగంగా దిగుతాయి. రక్తహీనత ఉన్నా, వయసు మీదపడినా కూడా ఈ అంకె పెరుగుతుంది. అందుకే ఒక్క ఇ.ఎస్.ఆర్. చూసి కీళ్ల సంగతి చెప్పడం సాహసమే.

సి.ఆర్.పి. పుట్టుక న్యుమోనియా వార్డుతో ముడిపడినది. 1930లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ సంస్థలో విలియం టిల్లెట్, థామస్ ఫ్రాన్సిస్ న్యుమోకోకస్ సూక్ష్మజీవి నుంచి తీసిన 'సి' పదార్థాన్ని రోగుల సీరంలో కలిపితే మడ్డి పేరుకుంది. రోగి కోలుకోగానే ఆ గుణం మాయమైంది. ఆ మడ్డికి కారణమైన సీరంలోని ప్రొటీనే సి.ఆర్.పి. నా దృష్టిలో ఈ చరిత్రకంతటికీ కీలకమైన గమనిక ఇదే: ఫలానా జబ్బు అని చెప్పకపోయినా, జబ్బు చురుగ్గా ఉందా లేదా అన్నది ఆ ప్రొటీన్ చెప్పగలిగింది. 1947లో మెక్లిన్ మెకార్టీ దాన్ని స్ఫటికంగా వేరుచేశాడు. ఆ తర్వాత రుమాటిక్ జ్వరం తీవ్రతను గమనించడానికి వైద్యులు దాన్ని వాడారు. కాలేయంలో తయారయ్యే ఈ ప్రొటీన్ రక్తంలో దాదాపు 19 గంటల్లో సగానికి తగ్గుతుంది. కనుక వాపు చల్లారితే ఇ.ఎస్.ఆర్. కంటే ముందే దిగివస్తుంది. లూపస్ అనే రోగంలో మాత్రం జబ్బు ముదిరినా చాలాసార్లు ఇది అంతగా పెరగదు.

అంకెను కీలుతో జోడించిన ఘనత నెదర్లాండ్స్‌లోని నైమెగన్ వైద్యులది. 1990లో మొదలై 1995లో 28 కీళ్లకు కుదించిన వారి డి.ఏ.ఎస్.28 లెక్కలో నొప్పి ఉన్న కీళ్లు, వాచిన కీళ్లు, రోగి తన స్థితికి వేసుకున్న మార్కు, ఇ.ఎస్.ఆర్. నాలుగూ కలుస్తాయి. 5.1 దాటితే జబ్బు తీవ్రం, 2.6 లోపు ఉంటే ఉపశమనం.

ఆ లెక్కకూ చిక్కు వచ్చింది. 2008లో జపాన్ రుమటాయిడ్ ఆర్థరైటిస్‌కు అనుమతించిన టోసిలిజుమాబ్ అనే మందు ఇంటర్‌ల్యూకిన్-6 అనే సంకేత ప్రొటీన్ పనిని అడ్డుకుంటుంది. కాలేయం సి.ఆర్.పి., ఫైబ్రినోజెన్ తయారుచేసేది ప్రధానంగా ఆ ఇంటర్‌ల్యూకిన్-6 ఆదేశంతోనే. దాంతో కీళ్లలో వాపు మిగిలి ఉన్నా రిపోర్టు మాత్రం సజావుగా కనిపించవచ్చు. ఇన్‌ఫెక్షన్ వచ్చినా సి.ఆర్.పి. పెరగకపోవచ్చు. ఈ మందు వాడేవారిలో వేలితో తడిమి చూసిన కీలునే ఎక్కువగా నమ్మాలి. అందుకే కాలేయాన్ని దాటి, వాచిన చోట చేరిన తెల్లకణాలే విడుదల చేసే కాల్‌ప్రొటెక్టిన్‌పై పరిశోధకుల దృష్టి పడింది. 1980లో ఒస్లోలో మాగ్నె ఫాగెర్హోల్ బృందం వర్ణించిన ఈ ప్రొటీన్‌ను మలంలో కొలిచి పేగుల వాపును ఇప్పటికే గుర్తిస్తున్నారు. కీళ్లవాతంలో మాత్రం రక్తంలో ఎంత ఉంటే జబ్బు చురుగ్గా ఉన్నట్టో అందరూ ఒప్పుకున్న హద్దు ఇంకా ఏర్పడలేదు.