అయిదున్నర సెంట్లు

పోయిన అక్టోబరులో మిషిగన్‌లో మా బావతో కలిసి ఓ తుపాకుల కొట్టుకి వెళ్లాను. నవంబరు 15న అక్కడ జింకల వేట మొదలవుతుంది. ఆఫీసు స్నేహితులు పిలిచారట, ఈయన బయల్దేరాడు. అప్పటిదాకా నేను దగ్గర్నుంచి చూసిన తుపాకీ మా ఊరి బ్యాంకు గేటు దగ్గర గార్డు భుజానికి వేలాడేదే. కౌంటర్ మీద రెండు బోల్ట్ యాక్షన్ రైఫిళ్లు పెట్టారు. ఒకటి ప్లాస్టిక్‌ది, చవక. రెండోది వాల్‌నట్ కర్రది, దానికి మూడింతలు. "చరిత్ర చదివావుగా, ఏది తీసుకోమంటావ్?" అన్నాడు బావ. కూరగాయల బేరమే చేతకాని వాణ్ణి. రెండు రోజులు గడువడిగి చదవడం మొదలుపెట్టాను.

బోల్టు అంటే తలుపు గడియ లాంటిదే. ఎత్తి వెనక్కి లాగితే కాలిన తూటా గుల్ల బయటపడుతుంది. ముందుకి తోసి దించితే కొత్త తూటా గొట్టంలో కూర్చుంటుంది, తలుపు పడుతుంది. 1898 నాటి జర్మన్ మౌజర్‌లో ఆ గడియ పక్కన పొడుగాటి ఉక్కు కొక్కెం ఉండేది. తూటా కింది అరలోంచి లేస్తుండగానే దాని అంచు పట్టేసుకునేది. అమెరికాలో 1936లో వచ్చిన వించెస్టర్ మోడల్ 70 ఆ కొక్కేన్నే తీసుకుంది. చాలా పని పనివాళ్ల చేతుల మీదుగా సాగేది. ఖరీదు అందుకే.

యుద్ధం తర్వాత కూలి పెరిగింది. రెమింగ్టన్ కంపెనీ 1948లో మోడల్ 721 తెచ్చింది. దాని ఇంజనీర్లలో మైక్ వాకర్ ఒకడు. రైఫిల్ నడుము భాగాన్ని గుండ్రంగా, లేత్ మీద తేలిగ్గా తీసేలా గీశారు. పెద్ద కొక్కెం పోయి, బోల్టు మూతిలో చిన్న క్లిప్పు వచ్చింది. అందం తక్కువేగానీ గురి మాత్రం పక్కా. దాని వారసురాలే 1962 నాటి మోడల్ 700. 1966లో అమెరికన్ మెరైన్లు తమ స్నైపర్ రైఫిల్‌కి దాన్నే ఎంచుకున్నారు.

1958లో శావేజ్ కంపెనీకి నికొలస్ బ్రూవర్ ఇంకో దారి చూపించాడు. గొట్టానికీ గడియకీ మధ్య సందు వెంట్రుకవాసి తేడా లేకుండా కుదరాలి. అది నేర్పున్న పనివాడి పని. బ్రూవర్ గొట్టానికి ఓ నట్టు పెట్టాడు. సందు సరిచూసుకుని నట్టు బిగిస్తే చాలు. ఇప్పటి చవక రైఫిళ్లు కొన్నింటిలో ఉన్నదీ ఈ నట్టే.

పోటీకి తట్టుకోలేక 1964లో వించెస్టర్ కూడా ఖర్చు కోసింది. కొక్కెం తీసేసింది. కర్ర మీద చేత్తో చెక్కే గీతల బదులు అచ్చుతో నొక్కేసింది. వేటగాళ్లు భగ్గుమన్నారు. 'అరవై నాలుగుకి ముందుది' అన్న మాట అప్పట్నుంచీ పాత రైఫిళ్లకి ధర పెంచే మంత్రమైపోయింది. కంపెనీ చివరికి 1990ల్లో ఆ కొక్కేన్ని వెనక్కి తెచ్చుకుంది.

ఇక్కడిదాకా చదివి, 'పాతదే మేలు, ఖరీదైందే కొను' అని చెప్దామనుకున్నాను. అప్పుడు ఎదురైంది వాకర్ ట్రిగ్గర్.

రెమింగ్టన్ ట్రిగ్గర్ మెత్తగా, స్ఫుటంగా ఉంటుందని అందరూ మెచ్చుకున్నారు. ఆ మెత్తదనం వెనక ట్రిగ్గర్‌కి అంటించని ఓ చిన్న ఇనుప ముక్క ఉంది. పేల్చినప్పుడల్లా అది పక్కకి జరిగి మళ్లీ చోటుకి రావాలి. ఆ సందులో మురికి చేరితే సరిగ్గా రాకపోవచ్చని విమర్శకుల వాదన. 1948లో వాకర్ తనే ఓ అదనపు అడ్డు పెడదామని ప్రతిపాదించాడు. కంపెనీ లెక్క వేసింది: తుపాకీకి అయిదున్నర సెంట్లు. పెట్టలేదు.

2000లో మోంటానాలో ఓ తల్లి వేట నుంచి వచ్చి, మోడల్ 700 లోంచి తూటాలు తీద్దామని సేఫ్టీ జరిపింది. తను ట్రిగ్గర్ ముట్టుకోలేదనే ఆమె చెప్పింది. తుపాకీ పేలింది. గుర్రాల ట్రెయిలర్‌ని దూసుకుపోయిన తూటా అవతల ఉన్న ఆమె తొమ్మిదేళ్ల కొడుక్కి తగిలింది. కుర్రాడు బతకలేదు. ట్రిగ్గర్‌లో లోపం లేదనే కంపెనీ వాదించింది. తర్వాత కోర్టు సెటిల్‌మెంట్‌లో, తప్పు ఒప్పుకోకుండానే, లక్షల తుపాకులకి ట్రిగ్గర్ ఉచితంగా మారుస్తామంది.

కర్ర మీద గీతలు మారితే కొనేవాడికి కళ్లెదుట కనిపించింది, కోపం వచ్చింది. లోపల అయిదున్నర సెంట్ల అడ్డు లేకపోవడం ఎవరికీ కనిపించలేదు. పైగా దాన్నే మెచ్చుకున్నారు. బ్రూవర్ నట్టూ పొదుపే, పెట్టని ఆ అడ్డూ పొదుపే. ధర చీటీ మీద రెండూ ఒకేలా ఉంటాయి.

"చవకదే తీసుకో బావా. కానీ ఎక్కడ తగ్గించారో అడుగు," అన్నాను. కొట్టతను ట్రిగ్గర్ గురించి పావుగంట చెప్పాడు. బావ ప్లాస్టిక్‌దే కొన్నాడు. మిగిలిన డబ్బు మంచి స్కోప్‌కి పోయింది.

ఇంటికొచ్చాక పెట్టె తెరవబోతుంటే పిల్లలు చుట్టూ మూగారు. తుపాకీ ఖాళీదే, బావకీ తెలుసు. అయినా పిల్లల్ని తన వెనక్కి రమ్మని, గొట్టం గరాజ్ గోడవైపు తిప్పి, అప్పుడు బయటికి తీశాడు.